అండాశయాన్ని అడ్డంగా కోసి చూడండి

ఈ మధ్య ఒక ఆదివారం, డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పడానికి కొత్తగా చేరిన ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. నరసరావుపేటలోనే గది తీసుకుని ఉంటోంది. టీ తాగుతూ ఆ మాటా ఈ మాటా అయ్యాక అసలు సంగతి బయటపెట్టింది.

“నాకు టాక్సానమీ పేపర్ ఇచ్చారు మేడం. సీనియర్లెవరూ తీసుకోం అన్నారంట. మొక్కల కుటుంబాల పేర్లు బట్టీ పెట్టించడం తప్ప అందులో చెప్పేదేముంది మేడం?”

ఆ పూట నాకు తోచిన జవాబేదో చెప్పి పంపించాను. ఆమె వెళ్లాక మాత్రం మనసు కుదురుగా లేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను చెప్పింది ఆ పేపరే. పువ్వు లోపల ఏం ఉంటుంది, దాన్నిబట్టి ఏ మొక్క ఏ మొక్కకు చుట్టమో ఎలా తేల్చాలి అన్నదే నాకు అన్నం పెట్టిన విద్య. టీ తాగేంత సేపట్లో ఆ అమ్మాయికి చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఏ కమిటీలో కూర్చున్నాను అన్నవి రాయను. అవి నాకే సరిగ్గా గుర్తులేవు. గుర్తున్నవి కొన్ని పువ్వులు, కొందరు మనుషులు.

“పేరు నేనడిగానా?”

నేను చేరేనాటికి మా విభాగానికి పెద్ద, కోటేశ్వరరావు సార్. నాదెండ్ల వైపు రైతు కుటుంబం నుంచి వచ్చిన మనిషి. పొడుగ్గా, చామనఛాయగా, మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కాతో ఉండేవారు. చొక్కా జేబులో పెన్ను పక్కన కాగితంలో చుట్టిన సగం బ్లేడు ఎప్పుడూ ఉండేది. గొంతు పెద్దది. వరండాలో మాట్లాడితే కెమిస్ట్రీ ల్యాబులో వినపడేది.

మొదటిరోజు నన్ను ల్యాబులో కూర్చోబెట్టి, ఒక పసుపు పువ్వు తెచ్చి బల్ల మీద పెట్టారు. తుత్తురబెండ పువ్వు. పొలాల గట్ల మీద, రోడ్ల పక్కన ఎక్కడ పడితే అక్కడ కనిపించేదే.

“ఏమ్మా, ఇదేంది?”

యూనివర్సిటీ నుంచి అప్పుడే వచ్చిన వేడిలో ఉన్నాను. ప్రజాతి పేరూ జాతి పేరూ కలిపి లాటిన్‌లో గడగడా చెప్పేశాను.

“పేరు నేనడిగానా? ఇదేందని అడిగాను.”

“మాల్వేసి కుటుంబం సార్.”

“ఎవరు చెప్పారు నీకు? పువ్వు చెప్పిందా, పుస్తకం చెప్పిందా?”

ఆయన జేబులోంచి సగం బ్లేడు తీసి నా చేతికిచ్చి, “కొయ్యి” అన్నారు.

కోశాను. కింద ఆకుపచ్చగా కప్పులా ఉన్న రక్షకపత్రాలు, వాటి లోపల ఐదు పసుపు రేకులు. మధ్యలో పుప్పొడి మోసే కేసరాలన్నీ కిందివైపు ఒక్కటై గొట్టంలా అతుక్కుని ఉన్నాయి. ఆ గొట్టాన్ని నిలువుగా చీల్చి చూస్తే లోపల చిన్న గుండ్రటి అండాశయం. దాన్ని అడ్డంగా కోస్తే బండిచక్రంలా వరసగా గదులు. ఆయన నా భుజం మీదుగా వంగి అదంతా చూశారు.

“ఇప్పుడు చెప్పు. ఏ కుటుంబం?”

“మాల్వేసి సార్.”

“ఆఁ. ఇప్పుడు చెప్పావు నువ్వు. ఇందాక మాట్లాడింది నువ్వు కాదు.”

ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయింది. ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసులో పాసై వచ్చినదాన్ని, ఇంటర్ పిల్లని చేసినట్టు చేశాడేమిటీయన అనుకున్నాను. ఇంటికెళ్లి మా అమ్మతో, ఈ ఉద్యోగం నేను చెయ్యనని కూడా అన్నాను. అమ్మ నవ్వి ఊరుకుంది. వారం తిరిగేసరికి ఏ మొక్క ఎదురైనా పువ్వు కోసి చూడకుండా ఉండలేని స్థితికి వచ్చాను.

కొత్తగా ఈ పాఠం చెప్పబోయేవాళ్లకు ఒక మాట. పువ్వు అడుగున ఉబ్బెత్తుగా ఉండి, తర్వాత కాయగా మారే భాగమే అండాశయం. రంగు మోసం చేస్తుంది. వాసన మోసం చేస్తుంది. ఆకు ఆకారమైతే మరీను. అండాశయంలో ఎన్ని గదులున్నాయి, గింజలు గోడకు అంటుకున్నాయా, మధ్య స్తంభానికి అంటుకున్నాయా, రేకులు దానికి పైన పుట్టాయా కింద పుట్టాయా అన్నది అంత తేలిగ్గా మారదు. నిలువుగా కోస్తే సగమే తెలుస్తుంది. అందుకే సార్ ప్రతి క్లాసులోనూ ఒకే మాట అరిచేవారు. “అడ్డంగా కొయ్యండ్రా, అడ్డంగా!”

పత్తిచేలో క్లాసు

మా పిల్లల్లో చాలామంది రైతుల బిడ్డలు. నూజెండ్ల, శావల్యాపురం, రొంపిచర్ల వైపు నుంచి బస్సుల్లో వేలాడుతూ వచ్చేవాళ్లు. పత్తీ మిరపా పుట్టినప్పట్నుంచీ చూస్తున్నవాళ్లే గానీ, పత్తిపువ్వును ఎవరూ విప్పి చూసి ఎరగరు. చూడాల్సిన పని వాళ్లకేముంది? వాళ్లకు కావలసింది కాయ.

సార్ ఏటా మొదటి పాఠం గదిలో చెప్పేవారు కాదు. ఊరు దాటి, ఎవరో తెలిసినవాళ్ల పత్తిచేలోకి తీసుకెళ్లేవారు. దోవలో ఒకరి పెరట్లోంచి మందారం, ఇంకొకరి దొడ్లోంచి బెండపువ్వు అడిగి తెచ్చుకునేవాళ్లం. చేలో గట్టు మీద కూర్చోబెట్టి, మూడు పువ్వులూ ముగ్గురు పిల్లల చేత పక్కపక్కనే కోయించేవారు. మూడింట్లోనూ అదే కేసరాల గొట్టం. మూడింట్లోనూ గింజలు మధ్య స్తంభానికే అంటుకుని ఉండేవి.

“ఏందిరా అర్థమైంది?” అని అడిగేవారు.

ఎవరో ఒకరు నెమ్మదిగా, “బెండకాయ, పత్తి ఒకటేనా సార్?” అనేవాళ్లు.

“ఒకటే కాదు. చుట్టాలు. అన్నదమ్ముల బిడ్డలు.”

ఆ మాటకు పిల్లల మొహాల్లో వచ్చే వెలుగు నాకిప్పటికీ కళ్ల ముందుంది. ఒక ఏడు ఒక పిల్లాడు ఉన్నట్టుండి, “అందుకేనా సార్, పత్తికాయ తొలిచే పురుగే మా బెండతోటలోకీ వస్తది?” అన్నాడు. సార్ వాడి వీపు మీద గట్టిగా చరిచారు. ఆ రోజంతా ఆయన ముఖంలో సంతోషం దాగలేదు.

ఎంత హాయిగా ఉండేవి ఆ రోజులు! వానలు పడ్డాక కోటప్పకొండకు, ఇంకో ఏడు మాచర్ల దాటి ఎత్తిపోతల వైపు, ఒక్కోసారి సాగర్ కుడికాలవ గట్టు మీదికి వెళ్లేవాళ్లం. ఇంటి దగ్గర కలిపి తెచ్చుకున్న పులిహోర తంగేడు చెట్ల నీడన కూర్చుని తినేవాళ్లం. సాయంత్రానికి పిల్లల చేతులనిండా ముళ్ల గీతలు, చొక్కాలకు పల్లేరుకాయలు. తిరుగుప్రయాణంలో బస్సంతా పాటలు. సార్ ముందు సీట్లో కూర్చుని, ఆ రోజు దొరికిన మొక్కల్ని పాత దినపత్రికల మడతల్లో పెట్టి అదిమి సర్దుకునేవారు. ఒక్క పాటలోనూ గొంతు కలిపేవారు కాదు గానీ, పాట ఆగితే మాత్రం వెనక్కి తిరిగి, “ఏమైందిరా, అయిపోయినయ్యా?” అనేవారు.

ఆ ప్రయాణాలు అందరికీ నచ్చలేదు. మధ్యలో వచ్చిన ఒక ప్రిన్సిపాల్ గారు సార్‌ను గదిలోకి పిలిచి, “పువ్వులు కోస్తే పిల్లలకు ఉద్యోగాలొస్తాయా కోటేశ్వరరావు గారూ?” అని అడిగారు. నేనూ అక్కడే ఉన్నాను.

“రావు సార్,” అన్నారు ఈయన తడుముకోకుండా. “కొయ్యకపోయినా రావు. కోస్తే కళ్లన్నా వస్తయ్.”

ఆ ఏడు మాకు బస్సు ఇవ్వలేదు. మేము ఆర్టీసీ బస్సెక్కి వెళ్లాం.

మిరపపువ్వులో మూడో గది

ఇక నాగమణి సంగతి. శావల్యాపురం దగ్గర మిరప పండించే ఇంటి పిల్ల. తరగతిలో వెనక బెంచీలో కూర్చునేది. నోరు విప్పేది కాదు. చెయ్యి మాత్రం చాలా శుభ్రమైన చెయ్యి. వెంట్రుకంత పలుచగా కోసేది. పువ్వు బొమ్మ గీస్తే చెరిపిన గుర్తు ఒక్కటి కనిపించేది కాదు.

ఫైనలియర్ ప్రాక్టికల్ పరీక్ష. బయటి కాలేజీ నుంచి ఒక పెద్దాయన పరీక్షకుడిగా వచ్చారు. మంచివారే, కానీ ఆ రోజు ఆయనకు తిరుగు బస్సు తొందర ఉంది. కాలేజీ తోటలో పెంచిన మిరపమొక్కల కొమ్మలు పిల్లలందరికీ తలా ఒకటి ఇచ్చాం. పువ్వును విప్పి, వర్ణించి, బొమ్మ గీసి, కుటుంబం తేల్చాలి. మిరప సోలనేసి కుటుంబం. వంకాయ, టమాటా, ఉమ్మెత్త, పొగాకు దాని చుట్టాలు. పుస్తకంలో ఈ కుటుంబానికి రాసి ఉండేది అండాశయంలో రెండు గదులని. పిల్లలందరూ రెండనే రాశారు. వాళ్లలో ఎంతమంది నిజంగా కోసి చూసి రాశారో దేవుడికే తెలియాలి.

నాగమణి మాత్రం, “రెండు గదులు, ఒక పువ్వులో మూడు” అని రాసింది.

పరీక్షకుడు ఆ పిల్లను పిలిచారు. “రెండా, మూడా? ఏదో ఒకటి రాయాలమ్మా.”

“రెండూ కనపడ్డయ్ సార్.”

“సోలనేసిలో ఎన్ని గదులు?”

“రెండు సార్.”

“మరి మూడెందుకు రాశావు?”

“కనపడ్డయ్ సార్,” అంది మళ్లీ.

ఆయన ఎర్రసిరా పెన్ను మూత తీశారు. పక్కనే నిలబడ్డ కోటేశ్వరరావు సార్ ముందుకొచ్చి, “ఒక్క నిమిషం సార్. ఏదమ్మా ఆ పువ్వు?” అని అడిగారు.

నాగమణి బల్ల వైపు చూసింది. కోసిన ముక్కలన్నీ అప్పటికే తుడిచి చెత్తబుట్టలో పడేసి, చోటంతా శుభ్రం చేసి పెట్టుకుంది. ఆ పిల్ల మొహం పాలిపోయింది. పరీక్షకుడు తన చేత్తోనే ఇంకో పువ్వు కోసి చూశారు. రెండు గదులు. మరొకటి కోశారు. అదీ రెండే. ఒక్కగానొక్క నిజాయితీ గల జవాబుకు ఆ పిల్ల మార్కులు పోబోతున్నాయి.

సార్ తోటలోకి వెళ్లారు. అవే మొక్కల నుంచి గుప్పెడు మిరపకాయలు కోసుకొచ్చి బల్ల మీద పోశారు. పువ్వులో ఎన్ని గదులుంటే కాయలోనూ అన్నే ఉంటాయి కదా. ఒక్కో కాయా మధ్యకు అడ్డంగా కోస్తూ వరసగా పేర్చారు. రెండు. రెండు. రెండు. మిరపఘాటుకు పరీక్షకుడికి తుమ్ములు మొదలయ్యాయి. ఇంకో కాయ కోసి, సార్ దాన్ని ఆయన ముందుకు జరిపారు. అందులో మూడు గదులు.

పరీక్షకుడు దాన్ని చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికెళ్లి చాలాసేపు చూశారు.

“పుస్తకం రెండంటుంది,” అన్నారు చివరికి.

“పుస్తకం తప్పు కాదు సార్. ఎక్కువ వాటికి రెండే. ఈ కాయా తప్పు కాదు.”

ఆయన పెన్ను మూత పెట్టేశారు. నాగమణికి ఆ ప్రశ్నకు నిండు మార్కులు వచ్చాయి. వెళ్లేటప్పుడు పరీక్షకుడు ఆ మూడు గదుల కాయను జేబురుమాల్లో చుట్టి తీసుకెళ్లారు.

తర్వాత వరండాలో సార్ నాగమణిని మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన విరుచుకుపడ్డారు.

“చూసినావు, బానే ఉంది. చూసినదాన్ని దాచుకోవద్దా? ఆ ముక్క బల్ల మీద ఉంటే ఇంత గొడవేంది? మాట ఎవరన్నా చెప్తారు. మొక్క చూపించు. ఎవుడు అడిగినా మొక్క చూపించు!”

నాగమణి తల వంచుకుని, “అట్నే సార్” అంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

ఎరువుల సంచిలో వచ్చిన తీగ

ఏళ్లు గడిచాయి. సార్ రిటైరయ్యారు. ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను. నాగమణి టీచరై, బొల్లాపల్లి వైపు అడవి అంచున ఉన్న ఒక ఊళ్లో పిల్లలకు పాఠాలు చెబుతోందని విన్నాను.

ఒక వర్షాకాలం మధ్యాహ్నం క్లాసులో ఉండగా ఫోన్ వచ్చింది. నాగమణి.

“మేడం, నేను మన నరసరావుపేటలోనే ఉన్నా. ఆసుపత్రి కాడ. ఒక్కసారి రాగలరా? చానా అర్జెంటు మేడం.”

వెళ్లేసరికి గేటు దగ్గరే నిలబడి ఉంది, చేతిలో ఎరువుల సంచితో. జరిగింది చెప్పింది. ఆమె బడిలో చదివే ఒక పిల్ల వాళ్లది క్వారీలో రాయి కొట్టే కుటుంబం. పిల్ల తాత కంచె పక్కన దుంపలు తవ్వి తెచ్చాడు, అడవి పెండలం అనుకుని. పిల్ల తల్లి ఎల్లమ్మ ఉడకబెట్టింది. పిల్ల నిద్రపోయింది కాబట్టి తినలేదు. తండ్రి పనికి పోయి ఉన్నాడు. తిన్నది ఆ ముసలాయన, ఎల్లమ్మ. అప్పట్నుంచి ఒకటే వాంతులు, విరేచనాలు.

“ఇప్పుడు కాస్త తగ్గింది మేడం. సెలైన్ పెట్టారు. తిన్నది పడలేదని, తగ్గిందిగా ఇంటికి తీసుకుపొమ్మంటున్నారు. నాకెందుకో మనసొప్పలే. వాళ్లు తవ్విన చోటికి పోయి చూశా. కంచె మీద రెండు తీగలు కలిసి పాకినయ్. దుంప ఏ తీగదో వాళ్లకే తెల్వదు. రెండూ పెరుక్కొచ్చా, పువ్వుతో సహా.”

సంచి విప్పింది. ఒక తీగ పెండలమే. గుండె ఆకారంలో ఆకులు. రెండోది వేరు. ఆకు కొస సన్నగా సాగి, స్ప్రింగులా చుట్టుకుని కంచెను పట్టుకునే తీగ. వాడిపోయినా ఇంకా రంగు పోని పువ్వు. మంటల్లాగా వెనక్కి విరుచుకున్న ఆరు రేకులు, కింద పసుపు, పైన ఎరుపు. ఆరు కేసరాలు. అండాశయం నుంచి సన్నటి కాడలా లేచిన కీలం మొదట్లోనే పక్కకు వంగి ఉంది. వేరు వైపు కొంకిలా వంగిన దుంప.

నాకు చూడగానే తెలిసింది. అయినా అక్కడే మెట్ల మీద కూర్చుని, నాగమణి దగ్గర బ్లేడు లేకపోతే మందుల షాపులో కొనిపించి, అండాశయం అడ్డంగా కోసి చూశాను. మూడు గదులు. గింజలు మధ్యలో. పెండలానికి అండాశయం రేకుల కింద ఉంటుంది. దీనికి పైన ఉంది. సందేహం లేదు. అడవినాభి.

ఈ దుంపలో ఉండే విషం మా వృక్షశాస్త్రం వాళ్లకు బాగా తెలిసిందే. కాల్చిసిన్ అంటారు. ల్యాబులో ఉల్లివేళ్ల కొసలను అందులో నానబెడితే, రెండుగా చీలబోయే కణం అక్కడే ఆగిపోతుంది. మనిషి ఒంట్లో నిరంతరం చీలుతూ ఉండే కణాలకూ అదే గతి. ఇంకో దుర్మార్గం ఏమిటంటే, మొదట వాంతులై, కాస్త తెరిపిచ్చినట్టు అనిపించి, అసలు దెబ్బ ఆ తర్వాత కొడుతుంది.

డ్యూటీ డాక్టర్ కుర్రవాడు. తీగను అతని బల్ల మీదే పెట్టాం.

“వీళ్లను ఇంటికి పంపకండి డాక్టర్ గారూ. తిన్నది దీని దుంప. ఇందులో ఉండేది కాల్చిసిన్.”

ఆ పేరు వినగానే అతను లేచి నిలబడ్డాడు. “ఖాయమేనా మేడం? తగ్గిపోయింది కదా వాళ్లకు?”

“తగ్గలేదు. ఇంకా మొదలవ్వలేదు.”

అతను పువ్వువైపు, నా వైపు, మళ్లీ పువ్వువైపు చూశాడు. వెంటనే ఫోన్ తీసి గుంటూరు పెద్దాసుపత్రికి మాట్లాడి, అంబులెన్స్ పిలిపించాడు. ఆ తీగనూ సంచితో సహా వాళ్లతో పంపించాం.

ఎల్లమ్మ బతికింది. ముసలాయన దక్కలేదు. దుంపలు రుచిగా ఉన్నాయని ఆయనే ఎక్కువ తిన్నాడట.

కొన్నాళ్లకు ఎల్లమ్మను తీసుకుని నాగమణి మా ఇంటికి వచ్చింది. ఎల్లమ్మ తల మీద కొంగు తీస్తే, ఆ విషానికి జుట్టంతా ఊడిపోయి, కొత్తగా వెంట్రుకలు మొలుస్తున్నాయి, పసిపిల్లల తలలాగా.

“జుట్టు పోయిందమ్మా, పాణం మిగిలింది,” అంది నవ్వబోతూ. “మా మామే పోయిండు. మంచిదని తెచ్చి పెట్టిండు, ఆయన్ని ఏమనేది?” ఆ తర్వాత నవ్వలేకపోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

బట్టీ పెట్టించడం తప్ప ఇందులో ఏముంది అని అడిగిన అమ్మాయికి నేను చెప్పాలనుకున్నది ఇదే. పేరు తెలియడం గొప్ప కాదు. ఇప్పుడు ఫోన్ చూపిస్తే పేరు అదే చెబుతుంది, చాలాసార్లు సరిగ్గానే చెబుతుంది. నేనూ వాడతాను. కానీ ఫోన్ చెప్పిన పేరును నమ్మాలో వద్దో తేల్చుకోవడానికి మీకు పువ్వు తెలిసి ఉండాలి. పిల్లలకు ఫొటోలు చూపించి పాఠం అయిందనిపించకండి. బ్లేడు ఇవ్వండి. వేలు తెగుతుంది, పరవాలేదు. వాళ్లను చేలల్లోకి తీసుకెళ్లండి. బస్సు ఇవ్వకపోతే ఆర్టీసీ ఉంది.

లిలియేసి విడిపోయింది

చివరిగా ఒకటి చెప్పి ముగిస్తాను.

నేను చదువుకున్న వర్గీకరణ పువ్వు ఆకారాన్ని చూసి చేసినది. కోటేశ్వరరావు సార్ జీవితమంతా చెప్పిందీ అదే. ఆ పద్ధతిలో లిలియేసి అని ఒక పెద్ద కుటుంబం ఉండేది. ఉల్లి, వెల్లుల్లి, కలబంద, శతావరి అని కూడా అనే పిల్లిపీచర, అడవినాభి అన్నీ ఒకే ఇంట్లో. ఆరు రేకులు, ఆరు కేసరాలు, పైనున్న అండాశయం, మూడు గదులు. పిల్లలకు చెప్పడానికి ఎంతో సుఖంగా ఉండేది.

తర్వాత శాస్త్రవేత్తలు మొక్కల డీఎన్‌ఏ చదవడం మొదలుపెట్టారు. చూస్తే, ఆ ఇంట్లో ఉన్నవాళ్లు చాలామంది ఒకరికొకరు దగ్గరి చుట్టాలే కారు. కుటుంబాన్ని విడగొట్టారు. సిలబస్‌లోకి అది వచ్చేసరికి నాకు రిటైర్మెంట్ దగ్గరపడింది. ఇంత వయసులో మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాలా అని విసుక్కుంటూనే నేర్చుకున్నాను. నేర్చుకుంటే తెలిసింది, అడవినాభికి కొత్తగా ఇచ్చిన కుటుంబంలో కాల్చిసిన్ ఉన్న మొక్కలే ఎక్కువ. ఉల్లి పక్కనుంచి లేపి దాన్ని దాని సొంతవాళ్ల మధ్య కూర్చోబెట్టారు. ఇది తెలిసినరోజు ఎల్లమ్మ మామ గుర్తొచ్చి కాసేపు పుస్తకం మూసి పెట్టాను.

సార్ అప్పటికి ఎనభై దాటారు. చూపు బాగా మందగించింది. ఊళ్లోనే కూతురి దగ్గర ఉండేవారు. అప్పుడప్పుడు వెళ్లి కూర్చునేదాన్ని గానీ ఈ సంగతి మాత్రం నేను ఎత్తలేదు. ఎవరో పాత శిష్యుడు చెప్పేశాడు. ఆయన కబురు చేశారు, వెంటనే రమ్మని.

వెళ్లేసరికి వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. కూర్చోమని కూడా అనలేదు.

“లిలియేసి ముక్కలు చేశారంట, నిజమేనా?”

“నిజమే సార్.”

“అయితే ఇన్నేళ్లూ నేను పిల్లలకు అబద్ధాలు చెప్పానంటావా?”

ఆ గొంతు నేనెప్పుడూ విన్నది కాదు. ప్రిన్సిపాల్ ముందు తగ్గని గొంతు, పరీక్షకుడి ముందు తగ్గని గొంతు. కూతురు లోపలినుంచి తొంగిచూసి మళ్లీ వెళ్లిపోయింది. ఊరడించే మాటలు చాలా నోటిదాకా వచ్చాయి. ఆయనకు అవి గిట్టవని తెలుసు కాబట్టి చెప్పలేదు.

“కాదు సార్. మీరు చూపించినవన్నీ పువ్వులో ఉన్నాయి. ఆరు రేకులూ ఉన్నాయి, మూడు గదులూ ఉన్నాయి. అవి ఉన్నంత మాత్రాన చుట్టాలు కారని తేలింది.”

ఆయన, ఉమ్మడి కుటుంబం విడిపోయాక పిల్లల గురించి ఒక్కొక్కరినే అడిగినట్టు, అడగడం మొదలుపెట్టారు.

“ఉల్లి ఎటు పోయింది?”

“అమరిల్లిడేసి సార్. వెల్లుల్లీ దానితోనే.”

“కలబంద?”

“ఆస్ఫోడెలేసి.”

“పిల్లిపీచర?”

“దానికి దాని లాటిన్ పేరుతోనే వేరే కుటుంబం పెట్టారు సార్. ఆస్పరాగేసి.”

“మరి లిలియేసిలో ఎవరు మిగిలారు?”

“లిల్లీలూ, ఇంకా కొన్నీ సార్. చల్లటి దేశాల్లోవే ఎక్కువ. మన పల్నాట్లో దొరికేవి లేవు.”

ఆయన నవ్వారు. నోరు తెరిచి, భుజాలు కదిలేలా, వెనకటిలాగా నవ్వారు.

“సరే. మొదట్నించి చెప్పు. ఆకారం కాదంటే దేన్ని చూసి విడగొట్టారు? నెమ్మదిగా చెప్పు, నేను రాసుకోలేను.”

పడక్కుర్చీలో వెనక్కి వాలినవారల్లా నిటారుగా లేచి కూర్చున్నారు. కళ్లు మూసుకున్నారు. నేను ఆయనకు ఎదురుగా స్టూలు మీద కూర్చుని, మొదటి ఏడాది పిల్లలకు చెప్పినట్టే మొదలుపెట్టాను. రెండుసార్లు ఆపి, “తొందరెందుకు నీకు?” అన్నారు. ఒకసారి నా మాట సరిగ్గా లేదని దిద్దారు. కూతురు మజ్జిగ తెచ్చి పెడితే అది అలాగే ఉండిపోయింది.

అంతా విన్నాక కళ్లు తెరిచి, “మరి చుట్టరికం లేనోళ్లకి అందరికీ ఒకే మొహం ఎట్టా వచ్చింది?” అని అడిగారు.

నాకు పూర్తిగా తెలియదు. అదే చెప్పాను.

“ఏందమ్మా, ఇన్నేళ్లు పాఠాలు చెప్పినదానివి. పో, చదువుకుని రేప్పొద్దున రా.”

“అలాగే సార్” అని లేచాను. ఆ రాత్రి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. తెల్లవారి వెళ్లేసరికి ఆయన తలదువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, వరండాలో నాకోసం కూర్చుని ఉన్నారు.